మీకు తెలుసా? పుచ్చు పురుగు రాసే అక్షరాలు

ఘుణం అంటే కర్రను తొలిచే పురుగు. అది చెక్కలో తిరిగిన దారి వెంట గీతలు పడతాయి. ఆ గీతల్లో ఎక్కడో ఒక ‘ల’, ఎక్కడో ఒక ‘ర’ కనిపిస్తుంది. పురుగుకు చదువు రాదు, రాయాలన్న ఆలోచనా లేదు. అనుకోకుండా కుదిరిపోయిన పనికి మన పెద్దలు దీన్నే ఆనవాలుగా తీసుకుని ఘుణాక్షర న్యాయం అన్నారు. పేరు బాగుంది. కానీ ఆ పురుగుతో రోజూ పనిపడే మామిడి రైతునో, వడ్రంగినో అడిగితే వేరే సంగతి చెబుతాడు. చెట్టు మొదట్లో రాలిన పొట్టు, బెరడు మీద కారిన జిగురు, చెక్కలో పడిన బెజ్జం, ఇవన్నీ చదవగలిగిన అక్షరాలే. లోపల ఎవరున్నారో, ఎంతకాలంగా ఉన్నారో, ఇంకా ఉన్నారో వెళ్లిపోయారో అవి చెబుతాయి. ఈసారి శీర్షిక ఆ రాతగాళ్లలో ఒక పెద్ద కుటుంబం గురించి.

*

ఇంగ్లీషువాళ్లు ఈ కుటుంబానికి పొడవు కొమ్ముల పెంకుపురుగులని పేరు పెట్టారు. ఆ పేరును అలాగే తెచ్చుకుంటే దివిసీమలో చిక్కొస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు కొబ్బరి తోటల్లో కొమ్ముపురుగు అంటే అది వేరే పురుగు. దాని తలమీద నిజంగానే ఖడ్గమృగానికున్నట్టు కొమ్ము ఉంటుంది, పిల్లపురుగులు పెంటపోగుల్లో పెరుగుతాయి, పెద్దవి కొబ్బరి మొవ్వును తొలుస్తాయి. మనం చెప్పుకునే పురుగుకు అసలు కొమ్మే లేదు. ఉన్నవి మీసాలు. చాలా జాతుల్లో ఒంటికన్నా పొడవు, మగవాటికి మరీ పొడవు. అందుకే ఇక్కడ దాన్ని మీసాల పురుగు అనే పిలుస్తాను.

ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన మీసాల పురుగుల జాతులు 35,000 పైమాటే.

*

వానాకాలం మొదట్లో వీధిదీపం కింద పడిన మీసాల పురుగును పట్టుకున్న పిల్లలకు తెలుసు, అది కిర్రుకిర్రుమంటుంది. ఆ చప్పుడు నోటినుంచి రాదు. తల వెనకున్న మెడభాగాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ, దాని అంచును వీపుమీదున్న సన్నటి గాట్లకు రాస్తుంది. దువ్వెన పళ్లమీద గోరు గీసినట్టే. పట్టుకున్నవాడు ఉలిక్కిపడి వదిలేస్తే దాని పని జరిగినట్టు.

*

నదుల ఒడ్డున పెరిగే విల్లో చెట్టు యూరప్‌లో మీసాల పురుగులకు పెద్ద నిలయం. అక్కడ విల్లోను తినే ఒక నల్లటి పురుగుకు 1758లో శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన జాతి పేరు ‘టెక్స్టర్’. లాటిన్‌లో ఆ మాటకు అర్థం నేతగాడు. మగ్గం చప్పుడు వినిపించే పెడన ఊళ్లో ఈ సంగతి చెబితే నవ్వుతారేమో కానీ, కర్రను తొలిచే పురుగుకు నేతవాళ్ల పేరు దక్కడం నాకు మాత్రం ముచ్చటగా అనిపించింది. అదే విల్లోలో పెరిగే మరో మీసాల పురుగు నిగనిగలాడే ఆకుపచ్చ రంగులో ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే గులాబీని తలపించే కమ్మటి వాసన వస్తుంది. లిన్నేయస్ దానికి కస్తూరి పేరు పెట్టాడు.

*

విల్లో మనకు పరాయి చెట్టనుకుంటాం. మన దేశపు విల్లోకు శాస్త్రీయ నామం పెట్టింది మన తీరంలోనే పనిచేసిన మనిషి. విలియం రాక్స్‌బరో 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ మొక్కలను పరిశీలించి, స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. వాటిని ఈస్టిండియా కంపెనీ ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ పేరుతో 1795 నుంచి మూడు సంపుటాలుగా వేసింది. మొదటి సంపుటంలోనే ఈ చెట్టు ఉంది. తెలుగులో దీన్ని ఏటిపాల అంటారు. పేరులోనే ఏరు ఉంది, నీటి పక్కనే బతికే చెట్టు. కాయలో నాలుగు గింజలు చూసి రాక్స్‌బరో దాని లాటిన్ పేరులో ‘నాలుగు గింజలది’ అని చేర్చాడు.

విల్లో మన ఇళ్లలోకి వచ్చేది మాత్రం బ్యాటు రూపంలో. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో భారత్ ఆడిన తొలి టెస్టుకు కెప్టెన్ సి.కె. నాయుడు. ఆయన పుట్టింది నాగపూర్‌లో అయినా కుటుంబం మూలాలు మచిలీపట్నానివి. ఇవాళ గుడివాడ దుకాణంలో పిల్లవాడు కొనుక్కునే బ్యాటు చాలావరకు కాశ్మీర్ విల్లో. ఆ విల్లోకూ ఒక మీసాల పురుగు శత్రువు ఉంది. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ నుంచి మధ్య ఆసియా దాకా, ఇటు కాశ్మీర్‌లోనూ కనిపిస్తుంది. విల్లో, పాప్లర్, ఆపిల్, అక్రోటు, ఏది దొరికినా వదలదు. ఊళ్లలో వీధుల వెంట నాటిన చెట్లను ఎక్కువగా పడగొడుతుంది కాబట్టి దానికి ‘నగర పురుగు’ అనే పేరొచ్చింది. ఒక తరం పూర్తికావడానికి రెండేళ్లు పడుతుంది. అంటే పైకి పచ్చగా కనిపించే చెట్టు లోపల రెండు వేసవులుగా ఖాళీ అవుతూ ఉండవచ్చు.

*

మన పెరట్లో ఆ పని చేసేది మామిడి కాండం తొలిచే పురుగు. దీని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఉమ్మడి కృష్ణా జిల్లా మనుషులకు మామిడితో ఉన్న బంధం అలాంటిది. నూజివీడు చిన్నరసాల తోటల నుంచి బందరు పెరటి చెట్టు దాకా దీని రాత ఒకటే.

పెద్ద పురుగు రెండంగుళాలు ఉంటుంది. బూడిద గోధుమ రంగు ఒళ్లు, మెడమీద చిక్కుడు గింజ ఆకారంలో రెండు నారింజ ఎరుపు మచ్చలు. 1775లో దీనికి పేరు పెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు డి గీర్ ఆ మచ్చలనే చూసి ‘ఎర్రమచ్చలది’ అన్నాడు. తొలకరి పడ్డాక బయటికొస్తుంది. పగలు ఎక్కడో నక్కి, రాత్రి లేత కొమ్మల బెరడు కొరుక్కుతింటుంది. ఆ తిండితో చెట్టుకు పెద్ద నష్టం లేదు. నష్టం ఆడపురుగు గుడ్డుతో మొదలవుతుంది. బెరడుమీద పంటితో చిన్న గాటు పెట్టి, గాటుకో గుడ్డు చొప్పున దాచిపెడుతుంది. ఒక్క తల్లి రెండు వందల దాకా గుడ్లు పెట్టగలదు. ఒకటి రెండు వారాల్లో పిల్ల బయటపడి ముందు బెరడు కింద, తరువాత చెక్కలోకి దారి చేసుకుంటుంది. కాళ్లు లేవన్నట్టే ఉండే మీగడ రంగు పురుగు, పెరిగి పెరిగి మన మధ్యవేలంత అవుతుంది. దాని దవడలు మాత్రం ఉలిలా నల్లగా, గట్టిగా ఉంటాయి.

బెరడు కింద ఉండే పొర చెట్టుకు అన్నం మోసే దారి. పురుగు ఆ దారిని తెంపుతుంది. కొమ్మ ఆకులు ముందు వాడతాయి, తరువాత ఎండుతాయి. రైతు అప్పుడు పైకి చూస్తాడు. చూడాల్సింది కిందికి. చెట్టు మొదట్లో, కొమ్మ పంగల్లో, రంపం కోసిన చోట పడినట్టు నారనారగా పొట్టు కనిపిస్తే పురుగు లోపల పనిలో ఉందని అర్థం. పొట్టు తడిగా, లేత రంగులో ఉంటే అది ఇవాళ్టిదో నిన్నటిదో.

మందుకన్నా ముందు ఇక్కడ పనికొచ్చేది సైకిల్ చక్రం ఊచ. చివర కాస్త వంచి బెజ్జంలో పోనిచ్చి పురుగును గుచ్చి లాగుతారు. అందకపోతే కిరసనాయిలులో ముంచిన దూదిని లోపలికి కూరి, పైన బంకమట్టి మెత్తుతారు. తోటపనివాళ్లు ఏళ్లుగా చేస్తున్నదీ ఇదే, వ్యవసాయ అధికారులు చెప్పేదీ దాదాపు ఇదే. ఒక చెట్టుకు పది నిమిషాలు పట్టే పని. ఆ పది నిమిషాలు పెట్టని చోట నలభై ఏళ్ల చెట్టు పోవడం చూసినవాళ్లకు ఆ బాధ తెలుసు. మామిడి ఒక్కటే కాదు, పనస, అత్తి, బూరుగు, మల్బరీ కూడా దీనికి ఇష్టమే.

*

ఈ మామిడి పురుగే ఇజ్రాయెల్‌లో అత్తి తోటలకు పట్టింది. అక్కడి శాస్త్రజ్ఞులు దీన్ని తిరుగుడు యంత్రానికి కట్టి ఎంత దూరం ఎగరగలదో కొలిచారు. లోపల తిండి బాగా దొరికిన పిల్ల పెద్ద పురుగవుతుంది. చచ్చిపోతున్న చెట్టులో, అరకొర తిండితో పెరిగినది చిన్నగా మిగిలిపోతుంది. పెద్దదే ఎక్కువ దూరం పోతుందని అనుకుంటాం. కొలిస్తే తేలింది వేరు, చిన్నవే ఎక్కువసేపు ఎగిరాయి. ఆలోచిస్తే అర్థమవుతుంది. పుట్టిన చెట్టు అయిపోయింది, పక్కది దొరుకుతుందో లేదో తెలియదు. పస్తులతో పెరిగిన పురుగుకు వలస పోగలిగే తేలికైన ఒళ్లు దక్కింది.

ఇందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. ఎండిపోయిన పుచ్చు మామిడిని ‘ఎలాగూ చచ్చిందిగా’ అని తోటలో నిలబెట్టి ఉంచితే, దూరం ఎగిరే పురుగులను మనమే పెంచుతున్నట్టు. వానలు రాకముందే నరికి వంటచెరుకు చేసుకోవాలి.

*

1977 నవంబరు 19. దివిసీమలో ఆ తేదీ చెబితే ఇంకేం చెప్పనక్కర్లేదు. ఉప్పెన మనుషులను, పశువులను తీసుకుపోయింది, చెట్లను కూల్చింది. నిలిచిన చెట్లకు ఉప్పునీళ్లు తగిలాయి. మీసాల పురుగుల్లో చాలా జాతులు ఆరోగ్యంగా ఉన్న చెట్టు జోలికి తేలిగ్గా పోవు. దెబ్బతిన్న చెట్టును, నీళ్లు చాలని చెట్టును, వేరు కదిలిన చెట్టును వెతుక్కుంటాయి. బలమున్న చెట్టు జిగురు కార్చి పిల్లపురుగును గుడ్డు దగ్గరే ముంచేయగలదు. నీరసించిన చెట్టుకు ఆ జిగురు ఊరదు. తుఫాను వెళ్లిన ఏడాది రెండేళ్లకు, గాలికి నిలిచిన చెట్లు ఒక్కొక్కటే ఎండిపోతుంటే ‘అప్పుడు బతికి ఇప్పుడెందుకు పోయింది’ అని అడుగుతారు. కారణాల్లో ఇదొకటి. తుఫాను నెలలు కడలివైపువాళ్లకు కొత్త కాదు కాబట్టి, గాలివాన తరువాత విరిగిన కొమ్మలను మోడు మిగలకుండా శుభ్రంగా కోసి తీసేయడం, కోతమీద బోర్డో ముద్ద పూయడం అలవాటుగా పెట్టుకోవాలి.

ఉప్పెన తరువాత తీరం వెంట సరుగుడు తోటలు గాలికి అడ్డుగోడలా పెంచారు. మంచి పని. చైనాలో ఇలాంటి పనికే ఒక దెబ్బ తగిలింది. ఎడారి గాలి, ఇసుక ఆపడానికి ఉత్తరాన పాప్లర్ చెట్లను మైళ్లకు మైళ్లు ఒకటే జాతిగా నాటారు. విల్లో, పాప్లర్‌లను ఇష్టపడే ఒక నల్లటి మీసాల పురుగుకు అది విస్తరి వేసి వడ్డించినట్టయింది. 1990ల మొదట్లో నింగ్‌షియా ప్రాంతంలో కోట్ల చెట్లను నరకాల్సి వచ్చింది. మన తీరంలో సరుగుడు మధ్య తాడి, కానుగ, మడ, నల్లతుమ్మ కలిసి ఉంటేనే నాకు ధైర్యంగా ఉంటుంది. అన్నిటినీ ఒకేసారి తినే పురుగు ఉండదు.

*

నల్లతుమ్మ అన్నాను కాబట్టి, దానికీ ఒకటుంది. చెరువుగట్ల మీద పెరిగి నాగళ్లకూ బండిచక్రాలకూ కర్ర ఇచ్చిన చెట్టది. దాన్ని పట్టే మీసాల పురుగు మామిడి పురుగుకు ఎదురు దారిలో పోతుంది, కిందికి. లేత కాండం మొదట్లో గుడ్డు, అక్కడినుంచి పిల్ల వేరులోకి. నేలకు జానెడు ఎత్తులో ఒక్క బెజ్జం ఉంచుకుని, అందులోంచి పొట్టు బయటికి తోస్తూ ఉంటుంది. చెట్టు చుట్టూ గడ్డి పెరిగితే ఆ పొట్టు కనపడదు.

*

గుడివాడ చుట్టుపక్కల కాలువ రోడ్ల మీద గొడుగులా పరుచుకునే నిద్రగన్నేరు చెట్ల కింద ఎండాకాలం ప్రయాణం ఎంత హాయో చెప్పలేం. ఆ చెట్టులోనూ, దాని దాయాది దిరిసెనలోనూ పెరిగే మీసాల పురుగు ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది. రెక్కల మీద నీలం, ఆకుపచ్చ కలిసిన లోహపు మెరుపు చార. రాత్రి దీపానికి వస్తుంది. వరండాలో కనిపిస్తే చంపేముందు ఒక్కసారి ఆ చార చూడండి.

*

బాపట్లలో జీడిమామిడి పరిశోధన కేంద్రం ఉంది. జీడిమామిడికి ఉన్న పురుగుల్లో చెట్టును మొత్తంగా చంపేది కాండం, వేరు తొలిచే మీసాల పురుగే. నేలకు ఆనుకున్న కాండంలో మొదలై వేర్లలోకి దిగుతుంది. మొదట్లో జిగురు కలిసిన ఎర్రటి పొట్టు, పైన ఆకులు పసుపెక్కడం, ఇవి గుర్తులు. ఇసుక నేలలో వేర్లు బయటపడిన చెట్లు దానికి అనువు, అందుకే మొదట్లో మట్టి ఎగదోయమంటారు.

దీని విచిత్రం చివర్లో ఉంది. పిల్లపురుగు పూర్తిగా పెరిగాక చెక్కలోనే తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. పట్టుతో కాదు, పొట్టుతోనూ కాదు. సున్నంతో. కోడిగుడ్డు పెంకులా తెల్లటి గట్టి గూడు. చెట్టు చీల్చినప్పుడు లోపల సున్నపు గుడ్డు దొరికితే ఎవరికైనా ఆశ్చర్యమే. ఏ సున్నపురాయీ లేని ఇసుక నేలలో, కర్ర తిని బతికే పురుగు దాన్ని పోగుచేసుకుంది.

*

ఈ కుటుంబం అంతా చెట్లతోనే సరిపెట్టుకోలేదు. తెలంగాణలో ఆదిలాబాద్ వైపు సోయాచిక్కుడు రైతులకు ఒక చిన్న మీసాల పురుగు బాగా తెలుసు. అది లేత కాండం చుట్టూ రెండు ఉంగరాలు గీసినట్టు కొరుకుతుంది, మధ్యలో గుడ్డు పెడుతుంది. ఆ ఉంగరాల దగ్గర నీరు ఆగిపోతుంది, పైభాగం వాడుతుంది. పొలం గట్టున నిలబడి చూసినా పచ్చటి చేనులో తలలు వేలాడేసిన మొక్కలు తెలిసిపోతాయి.

*

ఇక ఇంట్లోకి.

ద్వారబంధం నుంచి పొడి రాలితే మనం వెంటనే ‘చెదలు పట్టాయి’ అంటాం. ఒక్క నిమిషం ఆ పొడిని అరచేతిలోకి తీసుకుని చూడాలి. నేల చెద వెంట మట్టి ఉంటుంది, గోడ మీద మట్టి గొట్టాలు కడుతుంది, పొడి రాల్చదు. గసగసాల్లాంటి గింజలు రాలుతుంటే ఎండు కర్రలో ఉండే చెద. మైదాపిండిలా మెత్తటి పొడి, గుండుసూది తల పట్టేంత బెజ్జాలు ఉంటే వెదురునూ తెల్లచెక్కనూ పిండిచేసే చిన్న పెంకుపురుగు. బెజ్జం అంతకన్నా పెద్దది, కోలగా, పెన్సిల్ ములుకు దూరేంత ఉంటే మన మీసాల పురుగు. వడ్రంగులు దీన్నంతా కలిపి పుచ్చు అంటారు, కానీ బాగా పండిన చేయి పొడి పట్టుకుని ఏ పుచ్చో చెప్పేస్తుంది.

ఇంటి కర్రను పట్టే మీసాల పురుగు మన దేశమంతా ఉంది. దాని లాటిన్ పేరుకు ‘గడ్డంగలది’ అని అర్థం, పేరు పెట్టినది 1775లో శాస్త్రజ్ఞుడు ఫాబ్రీసియస్. దానికి పచ్చి చెట్టు అక్కర్లేదు. కోసి, ఎండబెట్టి, మంచమో బీరువానో చేసిన కర్రే కావాలి. మూడు వందలకు పైగా రకాల కర్రలు తింటుందని లెక్క. ఎండు కర్రలో నీరు తక్కువ, సత్తువ తక్కువ, కాబట్టి పెరుగుదల నెమ్మది. ఏళ్ల తరబడి లోపలే ఉంటుంది. తిన్న పొడిని వెనకే గట్టిగా దట్టించుకుంటూ పోతుంది, అందుకే చాలాకాలం బయటికి ఏమీ రాలదు. కొత్తగా కొన్న మంచంలో మూడో ఏటో నాలుగో ఏటో బెజ్జం పడితే, పురుగు మీ ఇంట్లో పట్టింది కాకపోవచ్చు. కర్రతోనే వచ్చి ఉంటుంది. అమెరికాలో ఇలాంటి మరో జాతి పుస్తకాల బీరువాలోంచి నలభై ఏళ్ల తరువాత బయటపడిన సంగతి నమోదయింది. చెట్టుగా ఉన్నప్పుడు లోపలికి వెళ్లిన పిల్ల, ఆ చెట్టు బీరువా అయి, ఆ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యాక బయటి వెలుతురు చూసింది.

దానికి విరుగుడు మన భాషలోనే ఉంది. చేవ. చెట్టు నడుమనున్న ముదురు రంగు గట్టి కర్రకు పేరది. చేవగల మనిషి అంటామే, ఆ మాట అక్కడినుంచి వచ్చిందే. టేకు చేవను పురుగు, చెద అంత తేలిగ్గా ముట్టవు. ఎందుకంటే చెట్టు ఆ చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థాన్ని నింపుకుంటుంది. చుట్టూ ఉండే తెల్లచెక్కలో ఆ రక్షణ ఉండదు. టేకు అని చెప్పి తెల్లచెక్క కలిపిన తలుపు అంటగడితే పుచ్చేది ఆ తెల్లచారే. కొనేటప్పుడు వాకిట్లో వెలుగులో పెట్టి చూడాలి, రంగు తేడా తెలిసిపోతుంది.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన ముడి ఒకటుంది. పెడనలో కలంకారీ అద్దకానికి వాడే దిమ్మలు టేకువి. వేల గజాల గుడ్డమీద కొట్టినా అంచు అరగకుండా, పూలతీగ చెదరకుండా నిలవాలంటే చేవగల కర్రే కావాలి. ఆ దిమ్మ అద్దే ఎరుపు పూర్వం చిరివేరు నుంచి వచ్చేది. కృష్ణ కలిసే చోటి ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరది. మచిలీపట్నం రేవునుంచి ఓడలెక్కి పర్షియా, యూరప్ చేరిన గుడ్డల మీది ఎరుపు అదే. ఆ వేరులో రంగునిచ్చే పదార్థం అలిజరిన్. 1868లో ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాక చిరివేరు వెనకబడిపోయింది. ఇప్పుడు రసాయన పుస్తకం తెరిస్తే, టేకు చేవలోని టెక్టోక్వినోన్, చిరివేరులోని అలిజరిన్ ఒకే కుటుంబానికి చెందినవి, ఆంత్రక్వినోన్లు. దిమ్మను పుచ్చకుండా కాచినదీ, గుడ్డకు ఎరుపునిచ్చినదీ అన్నదమ్ములన్నమాట. అద్దకం బల్ల దగ్గర నిలబడి పనిచేసిన తరాలకు ఆ సంగతి తెలియదు. తెలియకుండానే ఆ రెంటినీ ఒకచోటికి చేర్చిన వాళ్ల చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

*

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ ఎడిసన్‌కు పక్కనే వుడ్‌బ్రిడ్జి, కార్టరెట్ పట్టణాలున్నాయి. 2004లో అక్కడ చెట్లమీద ఒక నల్లటి పురుగు బయటపడింది. నిగనిగలాడే ఒంటిమీద తెల్లచుక్కలు, నలుపు తెలుపు గళ్ల మీసాలు. చైనా పాప్లర్లను కూల్చిన ఆ పురుగే. అంతకుముందే 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో కనపడింది. సరుకులు సర్దిన చెక్కపెట్టెల్లో, పిల్లపురుగు రూపంలో సముద్రం దాటింది. మేపుల్, విల్లో, ఎల్మ్, దేన్నీ వదలదు. విరుగుడు ఒక్కటే, పట్టిన చెట్టును నరికి చిప్పలు చిప్పలుగా చేయడం. వీధి వీధంతా నీడ పోగొట్టుకున్న చోట్లున్నాయి. న్యూజెర్సీ నుంచి అది పూర్తిగా పోయిందని 2013లో ప్రకటించారు, తొమ్మిదేళ్ల తరువాత.

ఇలాంటి పురుగుల దెబ్బకు ప్రపంచ వ్యాపారమే ఒక అలవాటు మార్చుకుంది. 2002లో వచ్చిన అంతర్జాతీయ నియమం ప్రకారం ఎగుమతి సరుకు సర్దే చెక్కను నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచాలి, లేదా పురుగు చచ్చే పొగ పెట్టాలి. ఉంచినట్టు ముద్ర వేయాలి. గుడివాడ, కైకలూరు వైపు లారీల మీద, గోదాముల్లో కనిపించే చెక్క ప్యాలెట్ల పక్కల చూడండి. ఒక గోధుమ కంకి బొమ్మ, దేశం పేరుకు రెండక్షరాలు, వేడి పెట్టినదైతే ‘హెచ్‌టి’ అని మరో రెండు. మంగినపూడి వైపు మచిలీపట్నం కొత్త రేవుకు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఒకప్పుడు ఇక్కడినుంచి వెళ్లిన అద్దకం మూటలకు ఈ ముద్ర అక్కర్లేకపోయింది. ఇక మీదట ఇక్కడ దిగే, ఎక్కే ప్రతి చెక్కపెట్టెకూ కావాలి. రేవులో పనిచేయబోయే మన పిల్లలకు ఆ ముద్ర చదవడం నేర్పాలి. పురుగు ఒకసారి దిగాక తొమ్మిదేళ్లు పట్టినా పోతుందన్న నమ్మకం లేదు.

*

కర్ర తినడం అంత తేలిక కాదు. పశువు కూడా గడ్డినే అరిగించుకోగలదు, దూలాన్ని కాదు. 2016లో శాస్త్రజ్ఞులు న్యూజెర్సీ చేరిన ఆ నల్లపురుగు జన్యువులన్నీ చదివినప్పుడు, కర్రలోని పీచును విడగొట్టే రసాలు తయారుచేసే జన్యువులు లెక్కకు మిక్కిలిగా కనిపించాయి.

*

వడ్రంగిపిట్ట పేరు మనవాళ్లు ఎంత చూసి పెట్టారో. దివిసీమ కొబ్బరి తోటల్లో బంగారు వీపు, ఎర్ర జుట్టు ఉన్నది తరచూ కనిపిస్తుంది. అది కాండంమీద టకటక కొడుతూ పైకి పోతుంది. బోలుగా ఉన్న చోటు చప్పుడులోనే తెలుస్తుంది, అక్కడ ఆగి తవ్వుతుంది. దాని నాలుకకు ఆధారంగా ఉండే సన్నటి ఎముకలు పుర్రె వెనకనుంచి చుట్టి ముందుకొస్తాయి. అందుకే ముక్కుకన్నా చాలా ముందుకు నాలుక సాగి, సొరంగంలోని పురుగును లాగగలుగుతుంది. మామిడి తోటలో వడ్రంగిపిట్ట ఒకే చెట్టుకు మళ్లీమళ్లీ వస్తుంటే, ఆ చెట్టుకు మీరు కూడా ఒకసారి వెళ్లి చూడాలి. గూటికి తొర్ర దొరకక అది తోట వదిలిపోకుండా, గట్టుమీద ఒకటి రెండు పాత తాటిమోడులు ఉంచడం మంచిది. తాటిమోడులో మామిడి పురుగు పెరగదు.

*

గ్రీకులకు కెరాంబోస్ అనే గొర్రెలకాపరి కథ ఉంది. వీణలాంటి వాద్యం వాయించడంలో దిట్ట. గర్వంతో వనదేవతలను నిందిస్తే వాళ్లు అతన్ని కర్ర కొరికే పురుగుగా మార్చేశారట. మీసాలు వంపు తిరిగిన ఆ పురుగు తల చూస్తే వాద్యంలా ఉంటుందని వాళ్లు అనుకున్నారు. ఈ కుటుంబానికి నేటి శాస్త్రీయ నామం సెరాంబిసిడే, ఆ పేరు నుంచే.

*

చివరిగా, ఊచ, దూది పట్టుకుని చెట్టు దగ్గరకు వెళ్లేవారికి. బెజ్జం చుట్టూ తడి పొట్టు ఉంటే లోపల పిల్లపురుగు ఉంది, ఊచ పెట్టండి. జిగురు మాత్రమే కారుతుంటే చిన్నది, బెరడు కిందే ఉంది, చాకుతో పైపైన గీరితే దొరుకుతుంది. బెజ్జం గుండ్రంగా, చూపుడువేలి కొన పట్టేంత ఉండి, అంచు నున్నగా, చుట్టూ పొట్టేమీ లేకుండా ఉంటే అందులో కిరసనాయిలు పోయకండి. అది బయటికొచ్చిన దారి. లోపల ఎవరూ లేరు. తొలకరి పడిన వారం పది రోజుల్లో ఆ చుట్టుపక్కల లేత కొమ్మల బెరడు చూడండి, రాత్రి వరండా దీపం దగ్గర కూడా.